పాముల బొమ్మకంటే తేనె జాడీయే గట్టి సాక్ష్యం: క్రీట్ దీవిలో దేవతల ఆనవాళ్లు

రెండు చేతుల్లో రెండు పాములు, తల మీద పిల్లి, వరసలు వరసలుగా కుచ్చుల లంగా, నడుము దగ్గర బిగుతుగా కట్టిన రవికె, కప్పుకోని రొమ్ములు. గ్రీసులోని క్రీట్ దీవి పేరు చెబితే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఈ బొమ్మే. హెరాక్లియాన్ మ్యూజియంలో ఉన్న దీని ఎత్తు 29.5 సెంటీమీటర్లు మాత్రమే. ఈ దీవి ప్రాచీన నాగరికత అయిన మినోవన్ నాగరికత మాతృదేవతను కొలిచిందనడానికి తిరుగులేని రుజువుగా వందేళ్లకు పైగా దీన్ని చూపిస్తున్నారు.

1903లో క్రీట్‌లోని క్నోసోస్ ప్రాసాదం నేల కింద నుంచి బయటికి తీసినప్పుడు ఈ బొమ్మకు తల లేదు. ఒక చెయ్యి సగం విరిగిపోయింది. మిగిలిన చేతిలోని చారల వస్తువుకు పాము తల అంటూ ఏమీ లేదు, అది తాడు కావచ్చునన్న పండితులూ ఉన్నారు. తల మీది పిల్లి అదే గుంటలో విడిగా దొరికిన ముక్క. తవ్వకాలు జరిపించిన ఆర్థర్ ఎవాన్స్ దగ్గర పనిచేసిన డెన్మార్క్ చిత్రకారుడు హాల్వర్ బాగే లేని భాగాలను తయారుచేసి, ఉన్న ముక్కలకు జతచేశారు. ఇప్పుడు మనవైపు చూస్తున్న ముఖం ఇరవయ్యో శతాబ్దానిది.

క్రీట్‌లో దేవతారాధనకు ఆధారాలు లేవని దీని అర్థం కాదు. ఉన్నాయి, చాలా గట్టివే ఉన్నాయి. కాకపోతే అవి అందమైన బొమ్మల్లో లేవు. మురికి రంగు మట్టితో మొరటుగా చేసిన బొమ్మల్లో, ఊరి గుడి అరుగుల మీద, సరుకుల గిడ్డంగి లెక్కల్లో ఉన్నాయి.

గచ్చు కింది గుంటలు

క్నోసోస్ నడి ముంగిలికి పడమటి వైపు ఒక చిన్న గదిలో గచ్చు కాస్త కుంగి కనిపించింది. దాన్ని ఎత్తి తవ్వితే రాతి పలకలతో కట్టిన రెండు లోతైన గుంటలు బయటపడ్డాయి. క్రీ.పూ. 1600 ప్రాంతంలో వాటిని నింపి పైన గచ్చు వేసేశారు. ఎవాన్స్ వీటికి ‘ఆలయ నిధిగుంటలు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. పేరులోనే తీర్పు ఉంది.

పై పొరలో కుండలు, కింద అసలు సరుకు: ఫయాన్స్ అనే గాజు మెరుపు పదార్థంతో చేసిన స్త్రీమూర్తుల ముక్కలు, దూడకు పాలిస్తున్న ఆవు, పిల్లలతో మేక, ఎగిరే చేపలు, అచ్చం బట్టల్లా చేసిన చిన్న ఫయాన్స్ అంగీలు, రంగులద్దిన సముద్రపు గవ్వలు, పాలరాతి శిలువ, తర్పణ ద్రవం పోసే రాతి బల్లలు, మట్టి ముద్రలు. స్త్రీమూర్తుల ముక్కలు కనీసం ఐదు బొమ్మలవి. వాటిలో రెండింటినే పూర్తి రూపానికి తెచ్చి జనం ముందు పెట్టారు. రెండోది 34.2 సెంటీమీటర్ల పెద్ద బొమ్మ, పొడుగు కిరీటం, చేతులకూ నడుముకూ చుట్టుకున్న పాములు. ఇక్కడ పాములు నిజంగానే పాములు. కానీ నడుము కింది లంగా చాలావరకు కొత్తగా చేసిందే. పెద్దదాన్ని ఎవాన్స్ ‘నాగదేవత’ అన్నారు, చిన్నదాన్ని పూజారిణి లేదా భక్తురాలు అన్నారు. తేడాకు ఎత్తు తప్ప పెద్ద ఆధారం చూపలేదు. జనం నోట చివరికి రెండూ దేవతలే అయ్యాయి. ఎవాన్స్ భక్తురాలన్నదే ఎక్కువ పేరున్న దేవతగా మిగిలింది.

ఈ బొమ్మలు ఇంతగా విరగడానికి కారణం వాటి పదార్థంలోనే ఉంది. ఫయాన్స్ అంటే బంకమట్టి కాదు. మెత్తగా నూరిన క్వార్ట్జ్ పొడికి కాస్త సున్నం, సోడా లాంటి క్షారం కలిపి ముద్ద చేసి అచ్చులో నొక్కుతారు. ఆరేటప్పుడు క్షారం తేమతో పాటు పైకొచ్చి తెల్లటి పొర కడుతుంది. 800 నుంచి 1000 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే ఆ పొర కరిగి గాజు మెరుపు వస్తుంది. ముద్దకు సాగే గుణం తక్కువ కాబట్టి చెయ్యి, మెడ లాంటి సన్నటి భాగాలను విడిగా చేసి అతికించాలి. దెబ్బ తగిలితే ముందు ఊడేవి ఆ అతుకులే. అంటే ఎవరి బొమ్మో తేల్చగలిగే భాగాలే, తలా చేతులూ, ముందుగా పోతాయి. మరమ్మతు చేసేవాడి ఊహకు ఎక్కువ చోటు దొరికేదీ అక్కడే.

మరి ఈ గుంటలు రుజువు చేసేది ఏమిటి? ఇవి పూజకు వాడిన ఖరీదైన సామగ్రి అనీ, వాడకం అయ్యాక ఒకేసారి జాగ్రత్తగా పూడ్చిపెట్టారనీ. తర్పణ బల్లలు పక్కనే ఉన్నాయి కాబట్టి ఆ మాట ధైర్యంగా చెప్పవచ్చు. ఏ బొమ్మ ఎక్కడ నిలబడేదో, ఎవరి ముందు ఏ నైవేద్యం పెట్టేవారో మాత్రం గుంట చెప్పదు. పండగ అయ్యాక పెట్టెలో సర్దేసిన బొమ్మల కొలువును ఊహించుకోండి. అమ్మవారి పక్కనే కూరగాయలమ్మే ఆవిడ, పోలీసు, ఆవూ దూడా ఉంటాయి. మెట్ల వరస తెలియకుండా పెట్టె మాత్రమే దొరికినవాడు వాళ్లందరినీ దేవతల లెక్కలో వేస్తే తప్పు పట్టలేం.

బొమ్మకూ దేవతకూ మధ్య దూరం

స్త్రీ రూపం కనిపించగానే దేవత అనడం పాత అలవాటు. దాన్ని గట్టిగా ప్రశ్నించినవారిలో పురావస్తు పండితుడు పీటర్ ఉకో ఒకరు. ఈజిప్టు, నవీన శిలాయుగపు క్రీట్ బొమ్మలను పోల్చి చూసి 1968లో ఆయన తేల్చింది ఏమిటంటే, వాటిలో చాలావాటికి ఆడా మగా అన్న గుర్తే లేదు, ఎక్కువగా దొరికింది ఇళ్ల మధ్య చెత్తలో, అన్నీ ఒకే మాతృదేవతవి అనడానికి ఆధారం లేదు. పిల్లల ఆటబొమ్మలు, మంత్రాలకు వాడి పారేసినవి, పెద్దల గుర్తుగా చేసినవి, ఏదైనా కావచ్చు.

మెలోస్ దీవిలోని ఫిలకోపిలో 1970లలో తవ్విన కోలిన్ రెన్‌ఫ్రూ ఈ సమస్యకు ఒక పద్ధతి ఇచ్చారు. ఒక్క వస్తువును చూసి తీర్పు చెప్పకూడదు, గుర్తుల గుంపును చూడాలి. ఆ చోటికి జనం చూపు తిప్పే ఏర్పాటు ఉందా, అంటే అరుగు, పీఠం, వేదిక లాంటివి? అక్కడివి మామూలు ఇళ్లలో కనిపించని వస్తువులా? నైవేద్యం, బలి, పానీయం ఆనవాళ్లు ఉన్నాయా? అదే వస్తువుల జట్టు వేరే ఊళ్లలోనూ అదే వరసలో వస్తుందా? ఇవన్నీ కలిస్తే అది పూజాస్థలం. ఆ తర్వాతిదే అసలు చిక్కు: అక్కడున్న బొమ్మ పూజలందుకున్నదా, పూజ చేసినదా?

ఈ రెండో ప్రశ్న దగ్గరే ఎక్కువమంది జారిపడతారు. క్రీట్ కొండ శిఖరాల మీది పూజాస్థలాలు దీనికి మంచి ఉదాహరణ. తూర్పున పాలైకాస్ట్రో దగ్గరి పెట్సోఫాస్ కొండ మీద 1903లో జాన్ మైర్స్ తవ్వినప్పుడు మట్టిబొమ్మలు కుప్పలుగా దొరికాయి. నడుముకు బాకు కట్టుకున్న మగవాళ్లు, పెద్ద టోపీలు పెట్టుకున్న ఆడవాళ్లు, పశువులు, ఆఖరికి కొమ్ము పేడపురుగులు కూడా. విడిగా చేసిన చేతులు, కాళ్లు కూడా ఉన్నాయి, అవి జబ్బు నయం కావాలని మొక్కుకుని ఇచ్చినవై ఉండాలి. ఇక్కడి స్త్రీ బొమ్మలు దేవతలు కావు. చేతులు గుండెలకు ఆనించి నిలబడిన ఆ మనుషులు మొక్కుకోవడానికి వచ్చినవాళ్లు. వాళ్లు ఎవరికి మొక్కారో ఆ కుప్ప చెప్పదు. క్నోసోస్‌కు ఎదురుగా కనిపించే 811 మీటర్ల యూక్టాస్ కొండ మీద లోతైన రాతి చీలిక పక్కన బలిపీఠం, రెండు వైపులా అలుగున్న కంచు జంట గొడ్డళ్లు, వేల మొక్కుబడులు ఉన్నా, అక్కడి దైవం ఆడో మగో ఇప్పటికీ వాదమే.

దీనికి పూర్తి భిన్నంగా ఒకే ఒక్క బొమ్మ గట్టిగా నిలిచే సందర్భం మిర్టోస్. క్రీట్ దక్షిణ తీరాన ఫోర్నూ కోరిఫి అనే గుట్ట మీది చిన్న ఊరిని 1967, 68లలో పీటర్ వారెన్ తవ్వారు. ఆ ఊరు క్రీ.పూ. 2200 ప్రాంతంలో కాలిపోయింది. అగ్ని ఊరికి చేటు చేసినా తవ్వేవాడికి మేలు చేస్తుంది, వస్తువులు వాడుతున్న చోటే ఆగిపోతాయి. నైరుతి మూల గదిలో ఒక తక్కువ ఎత్తు పీఠం పక్కన పడి, 21 సెంటీమీటర్ల బోలు మట్టిబొమ్మ దొరికింది. గంట ఆకారపు ఒళ్లు, కొంగలా సన్నని పొడుగు మెడ, చిన్న తల, ఎరుపు గీతల చతురస్రాలు, చంకలో చిన్న కూజా. బొమ్మ లోపలంతా ఖాళీ, దానికి ఉన్న ఒకే ఒక్క రంధ్రం ఆ కూజా మూతి. అంటే ద్రవం లోపలికి పోయాలన్నా, బయటికి ఒంపాలన్నా ఆమె కూజా గుండానే. ఇక్కడ బొమ్మ, పీఠం, వాడకం మూడూ ఒకదానికొకటి సరిపోతున్నాయి. ఇంటి నీటిని కాచే దేవత అని వారెన్ చెప్పిన భాష్యం మొత్తంగా ఒప్పుకోకపోయినా, పూజలో వాడిన పాత్ర అన్నదాన్ని కాదనడం కష్టం. ఇప్పుడది అజియోస్ నికోలాస్ మ్యూజియం సొత్తు.

చిత్రాల విషయంలోనూ అదే నియమం. తీరా దీవి అగ్నిపర్వతపు బూడిద కింద దాగిన అక్రోటిరిలో ‘జెస్తే 3’ అనే భవనపు గోడ మీద మూడంచెల వేదికపై కూర్చున్న స్త్రీ ఉంది. మెడలో బాతుల హారం, తూనీగల హారం. ఒక పక్క గద్ద తల సింహం ఒంటి గ్రిఫిన్, మరో పక్క ఆమెకు కుంకుమపువ్వు అందిస్తున్న నీలి కోతి. కింద అమ్మాయిలు పూలు కోసి బుట్టలు నింపుతున్నారు. లోకంలో లేని జంతువు పరిచారకుడిగా నిలబడిందంటే ఆమె మనుషుల రాణి కాదు. క్నోసోస్ దగ్గరి ఇసోపాటా సమాధిలో దొరికిన బంగారు ఉంగరంలో మాత్రం ఆ తేలిక లేదు. రెండున్నర సెంటీమీటర్ల ముఖం మీద పూలతోటలో నలుగురు స్త్రీలు ఆడుతున్నారు, పైన గాలిలో ఒక చిన్న ఆకారం దిగుతోంది. ఆ చిన్నది దిగివస్తున్న దేవతా, దూరంగా ఉందని చెప్పడానికి చిన్నగా గీసిన మనిషా? నలుగురిలో మధ్యనున్నామె దేవతా? ఏ ఇద్దరు పండితులూ ఒకే జవాబు ఇవ్వరు.

అరుగు మీది అమ్మవార్లు

క్రీ.పూ. 1300 నుంచి 1100 దాకా నడిచిన ఊరి గుళ్ల దగ్గరికి వస్తే పరిస్థితి మారిపోతుంది. అప్పటికి పాత ప్రాసాదాల వైభవం పోయింది. బంగారం లేదు, ఫయాన్స్ లేదు. ముతక మట్టితో చేసిన, రెండు చేతులూ పైకెత్తి అరచేతులు చూపించే స్త్రీమూర్తులు దీవి నలుమూలలా కనిపిస్తాయి. చూడ్డానికి బాగుండవు. చేతులు ఒంటికి మించి పెద్దవి, ముక్కు కత్తిలా ముందుకు, లంగా ఒట్టి గొట్టం. మ్యూజియం సందర్శకులు వీటిని దాటుకుని పాముల బొమ్మ దగ్గరికి వెళతారు. సాక్ష్యం బరువు చూస్తే మాత్రం ఇవే ముందుండాలి.

తయారీ పద్ధతి కుమ్మరి పనే. లంగా భాగాన్ని సారె మీద పెద్ద గొట్టంలా లాగుతారు, దాని మీద మొండెం, మెడ, తల పెంచుతారు, చేతులు విడిగా చేసి అతికిస్తారు. అర మీటరు దాటిన బొమ్మను నున్నటి మట్టితో చేస్తే ఆవంలో పగిలిపోతుంది. అందుకే రాతి పలుకులు కలిపిన ముతక మట్టి వాడారు, లోపల బోలుగా ఉంచారు. కిరీటం మీద పక్షులు, పాములు, కొమ్ముల చిహ్నాలు, పూలు అతికించారు. హెరాక్లియాన్ దగ్గరి గాజీలో 1936లో దొరికిన ఐదింటిలో ఒకదాని తల మీద మూడు గసగసాల కాయలు ఉన్నాయి. దాదాపు 79 సెంటీమీటర్ల ఎత్తు. ఆ కాయలకు నిలువు గాట్లు కూడా ఉన్నాయి, నల్లమందు పాలు తీయడానికి పచ్చికాయను ఎలా చీరుతారో అలాగే. బొమ్మ చేసినవాడికి ఆ పని తెలుసు.

ఇవి దేవతలేనని ఎందుకు నమ్మాలి? మొదటి కారణం, ఇవి దొరికిన చోటు. తూర్పు క్రీట్‌లోని గూర్నియాలో 1901 నుంచి 1904 దాకా తవ్విన హ్యారియట్ బాయిడ్ ఊరి నడుమ, రాళ్లు పరిచిన చిన్న సందు చివర, మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల పొడవున్న గదిని కనుక్కున్నారు. అందులో గోడవార అరుగు, నేలకు గచ్చుతో అతికించిన మూడు కాళ్ల మట్టి బల్ల, ఒంటికి పాము చుట్టుకున్న చేతులెత్తిన స్త్రీ, మట్టి పక్షులు. క్నోసోస్‌లోనే జంట గొడ్డళ్ల మందిరం అనే గది ఇంకా చిన్నది, ఒక్కో వైపు ఒకటిన్నర మీటరు. మనిషి లోపలికి వెళ్లి నిలబడితే ఇక చోటు లేదు. అయినా మూడు మట్టాలున్నాయి: ముందు కుండలు, మధ్యలో గులకరాళ్లు పరిచి నైవేద్యపు బల్ల, వెనక ఎత్తైన అరుగు. అరుగు మీద రెండు కొమ్ముల చిహ్నాలు, వాటి పక్కన బొమ్మలు. తల మీద పావురం వాలిన 22 సెంటీమీటర్ల స్త్రీ చేతులెత్తి నిలబడింది. అదే అరుగు మీద ఒక మగ బొమ్మ పావురాన్ని రెండు చేతులా ముందుకు చాచి పట్టుకుంది. ఇచ్చేవాడు ఎవరో, పుచ్చుకునేది ఎవరో ఒకే చోట కనిపించే ఇలాంటి దృశ్యం చాలా అరుదు. బొమ్మలు ఉన్నచోట ఉన్నట్టు దొరకడం వల్లే ఇది తెలిసింది. ఎవరో ముందే తీసి సంతలో అమ్మి ఉంటే మిగిలేది రెండు మట్టిబొమ్మలే.

రెండో కారణం ఇంకా బలమైనది: జట్టు. అమ్మవారి బొమ్మ ఎక్కడ ఉంటే అక్కడ మరో మూడు వస్తువులు కూడా ఉంటాయి. ఒకటి, వెడల్పు మూతి గిన్నె. రెండు, పలక. మూడు, పక్కన మెలికల పిడులున్న పొడుగు మట్టి గొట్టం. ఈ గొట్టాల్లో బతికున్న పాములను పెంచేవారని ఎవాన్స్ అనుకున్నారు, అందుకే ‘పాము గొట్టాలు’ అనే పేరు స్థిరపడింది. నిజానికి అవి పీటలు. గిన్నె అడుగు గొట్టం మూతిలో సరిగ్గా కూర్చుంటుంది. నైవేద్యపు గిన్నెను అమ్మవారి ముందు కావలసిన ఎత్తుకు తేవడమే గొట్టం పని. పాముల కథ ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, గిన్నెను గొట్టం మీద పెట్టి చూసిన క్షణంలో పోయింది.

కవూసి ఊరి దగ్గర వ్రోండా గుట్ట మీద 1980లలో మొదలైన తవ్వకాల్లో ఒక చిన్న గుడి నుంచి ఇలాంటి బొమ్మలు పదుల సంఖ్యలో ముక్కలుగా దొరికాయి. మట్టిని పరీక్షిస్తే బొమ్మ, గొట్టాలు, గిన్నె ఒకే రకం మట్టితో జట్టుగా చేసినట్టు తేలింది. ఒక కుటుంబమో ఒక గుంపో కుమ్మరికి చెప్పి తమ అమ్మవారినీ, ఆమె సామగ్రినీ ఒకేసారి చేయించి గుడిలో పెట్టిందన్నమాట. ఒకే గుడిలో ఇంతమంది ఎందుకన్న ప్రశ్నకు ఇదే అన్నిటికంటే పొసిగే జవాబు. అందరూ ఒకే దేవత వేర్వేరు రూపాలా, వేర్వేరు ఇళ్ల దేవతలా అన్నది మట్టి చెప్పదు. లసితి పీఠభూమికి పైన, దాదాపు 1,100 మీటర్ల ఎత్తులో గాలికి కొట్టుకునే కార్ఫీ ఊళ్లో కూడా ఇవే బొమ్మలు, ఇవే పలకలు. అక్కడ 1937 నుంచి 39 దాకా జాన్ పెండిల్‌బరీ తవ్వారు. సముద్రం మీద భయంతో కొండెక్కిన జనం అమ్మవారినీ వెంట తీసుకెళ్లారు.

కొందరు ఇప్పటికీ వీరిని చేతులెత్తి మొక్కుతున్న భక్తురాళ్లనే అంటారు. గొట్టాలు, గిన్నెలు వీరి కోసం చేసినవి కావడం, కిరీటాల మీద పాములూ పక్షులూ ఉండటం చూస్తే ఆ వాదన నిలవదు. భక్తురాలికి నైవేద్యం ఎవరు పెడతారు?

గిడ్డంగి లెక్కల్లో పేర్లు

బొమ్మలు పేర్లు చెప్పవు. క్రీట్‌లో పేర్లు చెప్పినవి గుమస్తాల మట్టి పలకలు. క్రీ.పూ. 14వ శతాబ్దం నాటికి క్నోసోస్ గ్రీకు మాట్లాడే పాలకుల చేతిలో ఉంది. వారి లెక్కల లిపి లీనియర్ బి, దాన్ని 1952లో మైకేల్ వెంట్రిస్ చదివారు. ఈ పలకలు కాల్చి దాచినవి కావు. పచ్చి మట్టి మీద గీకి, ఏడాది లెక్క అయ్యాక నీళ్లలో కలిపి మళ్లీ వాడుకునేవి. ప్రాసాదం తగలబడి అవి కాలడం వల్ల మనదాకా వచ్చాయి. స్తోత్రాలు, పురాణాలు ఏమీ లేవు. ఎవరికి ఎంత సరుకు వెళ్లిందన్నదే.

తేనె లెక్కల వరసలో 702వ సంఖ్య పలక మీద రెండే పంక్తులు. మొదటిది: సకల దేవతలకు తేనె, జాడీ ఒకటి. రెండోది: ‘దపురితో’ పోత్నియాకు తేనె, జాడీ ఒకటి. పోత్నియా అంటే ఏలిక, అధిదేవత. దపురితో అన్నది లాబిరింత్, చిక్కుదారుల భవనం, అనే మాటకు పాత రూపమని ఎక్కువమంది ఒప్పుకుంటారు. దేవతలందరికీ కలిపి ఒక్క జాడీ, ఈమె ఒక్కర్తికీ ఒక జాడీ. ఆమె స్థాయి ఎంతో చెప్పడానికి ఏ శిల్పమూ ఇంత సూటిగా మాట్లాడదు.

705వ పలక ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. అమ్నిసోస్ రేవులో ‘ఎరెవుతియా’కు తేనె, ఒక జాడీ. ఈమె ప్రసవాలను కాచే ఎలీతుయియా. హోమర్ కావ్యం ఒడిస్సీ పందొమ్మిదో సర్గలో మారువేషంలో ఉన్న ఓడిస్సియస్, ఓడిస్సియస్ అనేవాడు అమ్నిసోస్‌లో, ఎలీతుయియా గుహ ఉన్నచోట లంగరు వేశాడంటాడు. ఆ గుహ ఉంది. 60 మీటర్లకు పైగా లోపలికి వెళుతుంది, నడుమ ఒక రాతి స్తంభం నేలనుంచి పెరిగింది, దాని చుట్టూ మనుషులు చిన్న ప్రహరీ కట్టారు. లోపలి కుండపెంకులు నవీన శిలాయుగం నుంచి రోమన్ కాలం దాటేదాకా వస్తాయి. పలక, కావ్యం, గుహ మూడూ ఒకే పేరును ఒకే ఊరికి ముడిపెడుతున్నాయి. క్రీట్ మొత్తంలో ఏ దేవతకూ ఇంత గట్టి చిరునామా లేదు. తమాషా ఏమిటంటే ఆమెకు మనిషి రూపంలో పేరున్న విగ్రహమేదీ ఆ గుహలో అవసరం పడినట్టు లేదు, రాయి సరిపోయింది.

అంతకు ముందటి మినోవన్ల లిపి లీనియర్ ఎ చదవగలిగితే వ్యవహారం వేరుగా ఉండేది. తర్పణ బల్లల మీద ‘అససర’ అని మొదలయ్యే మాట మళ్లీమళ్లీ వస్తుంది. దేవత పేరని కొందరన్నారు. కానీ అక్షరాల ధ్వనులు లీనియర్ బి నుంచి అరువు తెచ్చుకున్నవి, భాష ఏదో తెలియదు. అది పేరు కావచ్చు, ‘సమర్పించాను’ అనే క్రియ కూడా కావచ్చు.

ఒక్కతేనా?

ఎవాన్స్ దృష్టిలో క్రీట్ అంతా ఒకే మహాదేవత, పక్కన చిన్న మగదేవుడు. సింహాల నడుమ కొండ మీద దండం పట్టి నిలబడిన స్త్రీ, ఎదురుగా నుదుటికి చెయ్యి ఆనించి మొక్కుతున్న పురుషుడు ఉన్న క్నోసోస్ ముద్ర ఆయన ఊహకు పెద్ద ఊతం. ముద్ర నిజమైనదే, పలు ముక్కల నుంచి కూర్చినది. కొండమీది దేవత అక్కడ ఉంది. అయితే అక్కడి నుంచి దీవి అంతటికీ ఒక్కతే అని దూకడం కుదరదు. పలకలే అడ్డు. క్నోసోస్ నూనె లెక్కల్లో దిక్తే కొండ జ్యూస్ (గ్రీకుల దేవరాజు), వాయువుల పూజారిణి, ‘సకల దేవతలు’ వరసగా వస్తారు. వేరే పలక మీద ‘అతానా’ (అథీనా) పోత్నియాతో పాటు సముద్రదేవుడు పోసిడాన్ కనిపిస్తాడు. మగదేవుళ్లు చిన్నవాళ్లేమీ కాదు. పాలైకాస్ట్రోలో 1987 నుంచి ముక్కలుగా దొరికిన, నీటిగుర్రపు దంతంతో, బంగారంతో చేసిన దాదాపు అర మీటరు యువకుడి విగ్రహం ఆ మాటకు సాక్షి. క్రీ.పూ. 1450 ప్రాంతంలో ఎవరో కావాలని దాన్ని బద్దలుకొట్టారు.

మహాదేవత ఊహ మరో నష్టం కూడా చేసింది. కొనేవాళ్లు అలాంటి బొమ్మలనే అడిగారు, అమ్మేవాళ్లు అలాంటివే చేశారు. బోస్టన్ మ్యూజియానికి 1914లో చేరిన దంతపు నాగదేవత ఎత్తు సుమారు 16 సెంటీమీటర్లు, కేంబ్రిడ్జ్‌లోని ఫిట్జ్‌విలియం మ్యూజియం 1926లో కొన్నది రాతిది. రెండూ ఏ తవ్వకంలో, ఏ పొరలో దొరికాయో ఎక్కడా నమోదు లేదు. ఫిట్జ్‌విలియం బొమ్మ నకిలీ అన్నది చాలాకాలంగా ఒప్పుకున్న మాట, బోస్టన్ దాన్ని 2002లో కెనెత్ లాపటిన్ అదే బోనులో నిలబెట్టారు. ఎవాన్స్‌కు మరమ్మతులు చేసిపెట్టినవారే నకిలీలూ చేశారని పురావస్తువేత్త లెనార్డ్ వూలీ తన జ్ఞాపకాల్లో రాశారు. ముఖంలో ఇరవయ్యో శతాబ్దపు సొగసు కనిపించడం, పగలాల్సిన సన్నని చోట్ల పగలకపోవడం, అప్పటికే పేరొచ్చిన బొమ్మను పోలి ఉండటం అనుమానానికి మొదటి గుర్తులు. కానీ అసలు లోటు నేల. ఎక్కడ దొరికిందో తెలియని బొమ్మ అసలైనదైనా సాక్ష్యంగా పనికిరాదు.

అరుగు గుడి మాత్రం కొనసాగింది. ద్రేరోస్‌లో క్రీ.పూ. 700 ప్రాంతపు చిన్న గుడిలో 1935లో మారినాటోస్ మూడు కంచు రేకు విగ్రహాలు కనుక్కున్నారు: 80 సెంటీమీటర్ల అపోలో, చెరో 40 సెంటీమీటర్ల లీటో (ఆయన తల్లి), ఆర్టెమిస్ (సోదరి). పక్కనే మేక కొమ్ములు నింపిన వేదిక. నిలబడిన పద్ధతి గూర్నియాదే, నడుమ ఉన్నది మాత్రం ఇప్పుడు మగదేవుడు.

క్రీట్ దాటి ఉత్తరాన కియా దీవిలో, అయియా ఇరినీ ఊరి గుడిలో, ఇదే మలుపు ఇంకా వింతగా జరిగింది. 1960లలో జాన్ కాస్కీ బృందం అక్కడ యాభైకి పైగా స్త్రీల మట్టి విగ్రహాల ముక్కలు తవ్వితీసింది. కొన్ని దాదాపు మనిషంత ఎత్తు, రొమ్ములు కప్పుకోకుండా, చేతులు నడుముకు ఆనించి నాట్యం చేస్తున్నట్టు ఉన్నాయి. క్రీ.పూ. 15వ శతాబ్దానివి. దేవతలో, దేవత ముందు ఆడేవాళ్లో తేలలేదు. వాటిలో ఒకదాని తల ఏడు వందల ఏళ్ల తర్వాత అదే గుడి శిథిలాల్లో ఎవరికో దొరికింది. మొండెం లేని ఆ తలను వాళ్లు నేల మీద మట్టి వలయంలో నిటారుగా నిలబెట్టి కొలిచారు. క్రీ.పూ. 500 ప్రాంతంలో యూలిస్ ఊరి ఆంతిప్పోస్ అనే భక్తుడు ఆ గుడిలో సమర్పించిన పాత్ర మీద దేవుడి పేరు గీకాడు. ఆ పేరు గ్రీకుల ద్రాక్షసారా దేవుడు డయోనిసస్‌ది.